ఇల్లు వారిది, నేల వేరొకరిది: శాక్రమెంటో నది ఒడ్డున లాక్

కాలిఫోర్నియాలో శాక్రమెంటో నది కరకట్ట మీద కారులో వెళ్తుంటే లాక్ అనే ఊరు మొదట ఊరిలా కనిపించదు. రోడ్డు పక్కన ఒక వరస పాత చెక్క కట్టడాలు వస్తాయి, నిమిషంలో దాటిపోతాయి. కట్ట దిగితేనే అసలు మెయిన్ స్ట్రీట్ కనబడుతుంది. ఇరుకు వీధి, రెండు వైపులా రంగు వెలిసిన రెండంతస్తుల చెక్క ఇళ్లు, వీధి మీదికి కాస్త ఒరిగిన వసారాలు. కట్ట వైపు గుమ్మంలోంచి లోపలికి వెళ్లిన మనిషి నేరుగా పై అంతస్తులో ఉంటాడు. కింది అంతస్తు గుమ్మం మెయిన్ స్ట్రీట్‌లోకి తెరుచుకుంటుంది. నది ఎత్తున ఉంటుంది, ఊరు పల్లంలో ఉంటుంది.

శాక్రమెంటో నగరానికి దక్షిణంగా సుమారు 30 మైళ్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లో ఇప్పుడు వంద మంది కూడా లేరు. అమెరికాలో చైనీయులు తమ కోసం తామే కట్టుకున్న పల్లె ఊళ్లలో ఇంత పూర్తిగా మిగిలింది ఇదొక్కటే. దీనికి మేయర్ లేడు, మునిసిపాలిటీ లేదు. ఇలాంటి వాటిని అక్కడ అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ఊళ్లంటారు. మన దగ్గర ఎంత చిన్న పల్లె అయినా ఏదో ఒక పంచాయతీ కిందికి వస్తుంది. కాలిఫోర్నియాలో అలా కాదు. ఒక చోట ఉండే జనం ఓటు వేసి నగరంగా ఏర్పడితేనే సొంత పాలన వస్తుంది, లేకపోతే మన జిల్లా లాంటి కౌంటీయే అన్నీ చూస్తుంది. పోలీసు పని కౌంటీ షెరీఫ్‌ది, రోడ్లు కౌంటీవి, నిర్ణయాలు కౌంటీ బోర్డువి.

అమెరికాలో ఇలాంటి ఊళ్లు వేలల్లో ఉన్నాయి. లాక్‌ను వేరు చేసేది ఇంకొకటి. 1915 నుంచి 2004 దాకా, అంటే 89 ఏళ్లు, ఇక్కడ ఇళ్లు కట్టినవారికి ఆ ఇళ్ల కింది నేల మీద హక్కు లేదు. ఈ ఊరు ఎందుకు పుట్టింది, ఎందుకు ఖాళీ అయింది, చెక్క ఇళ్లు చెక్కుచెదరకుండా ఎందుకు మిగిలాయి అనే ప్రశ్నలన్నీ ఆ ఒక్క విషయం దగ్గరికే వస్తాయి.

ముందు ఆ నేల సంగతి చూడాలి, ఎందుకంటే అది దానంతట అది ఏర్పడిన సాగునేల కాదు. శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే ఆ డెల్టా 1850ల నాటికి మనిషి ఎత్తు తుంగ పెరిగే చిత్తడి. వరద వస్తే మునిగేది, సముద్రపు పోటు వచ్చినా నీళ్లు ఎగదన్నేవి. 1850లో అమెరికా ప్రభుత్వం చిత్తడి భూములను రాష్ట్రాలకు ఇచ్చేసింది. వాటిని చవగ్గా కొన్న భూస్వాములకు, కంపెనీలకు ఇక కావలసింది కట్టలు వేసే మనుషులు. 1869లో ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తవడంతో దాని మీద పనిచేసిన వేలాది చైనీస్ కూలీలకు పని పోయింది. వాళ్లలో చాలామంది మేస్త్రీల ద్వారా డెల్టాకు వచ్చారు.

నడుము లోతు నీళ్లలో నిలబడి పారలతో, తట్టలతో, ఒంటిచక్రపు బండ్లతో మట్టి ఎత్తి కట్టలు పోశారు. మలేరియా వారి పక్కనే ఉండేది. కుళ్లిన తుంగతో ఏర్పడిన ఆ మెత్తటి నల్లనేలలో గుర్రాలు దిగబడిపోతుంటే వాటి డెక్కలకు వెడల్పాటి చెక్క తొడుగులు కట్టి నడిపించారు. 1860 నుంచి 1880 మధ్య చైనీస్ కూలీల చేతుల మీదుగా సాగులోకి వచ్చిన భూమి 88 వేల ఎకరాలని లెక్క. తర్వాత మట్టి తవ్వి ఎత్తే ఆవిరి యంత్రాలు, డ్రెడ్జర్లు, వచ్చి కూలీల అవసరాన్ని తగ్గించాయి. అప్పటికి ఆ మనుషులు పొలం పనుల్లోకి, పియర్ తోటల్లోకి, ఆస్పరాగస్ అనే కాడల కూరగాయ కోతల్లోకి మళ్లారు.

ఈ నేలకు ఇంకో గుణం ఉంది. తడి ఆరి గాలి తగిలితే ఆ నల్లమట్టి మెల్లగా కరిగిపోయి ఏటికేడాది కుంగుతుంది. అందుకే ఇప్పుడు డెల్టాలో కొన్ని లంకలు సముద్రమట్టానికి 20 అడుగులకు పైగా దిగువన ఉన్నాయి. డెల్టా మొత్తం మీద దాదాపు 1,100 మైళ్ల కట్టలున్నాయి, ఒక్కచోట తెగినా లోపలి లంక గిన్నెలా నిండుతుంది. నీళ్లలోంచి నేలను పైకి తీసిన కూలీల పనికి ఈనాటి వ్యవసాయం ఎంత రుణపడి ఉందో ఈ ఒక్క విషయమే చెబుతుంది.

ఆ పనిచేసినవారికి చట్టం ఇచ్చిన స్థానం మాత్రం వేరు. 1882లో వచ్చిన చైనీస్ బహిష్కరణ చట్టం కూలీలు అమెరికాలోకి రాకుండా తలుపు మూసింది. అప్పటికే ఉన్నవారు పౌరులు కాకుండా అడ్డుకుంది. మొదట పదేళ్లకని తెచ్చారు, 1892లో పొడిగించారు, 1902లో గడువన్నదే లేకుండా చేశారు. అంతకుముందే 1875 నాటి ఇంకో చట్టం చైనా స్త్రీల రాకకు అడ్డంకులు పెట్టింది. అందువల్ల డెల్టా ఊళ్లలో చైనీస్ వాడలంటే ఎక్కువగా ఒంటరి మగవాళ్ల వాడలే. భార్యాపిల్లలు పసిఫిక్‌కు అవతల, జీతం ఇవతల.

1913లో కాలిఫోర్నియా ఒక మెట్టు పైకి వెళ్లి భూమి చట్టం తెచ్చింది. దాని మాటల్లో చైనీయులు, జపనీయులు అని ఎక్కడా ఉండదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదు, మూడేళ్లకు మించి కౌలుకు తీసుకోకూడదు అని ఉంటుంది. ఎవరికి అర్హత లేదో అప్పటికే కేంద్ర చట్టాలు తేల్చాయి కాబట్టి పేర్లు రాయాల్సిన అవసరం రాలేదు. కొత్తగా భూమి కొని రైతులవుతున్న జపనీయులే అసలు గురి. చైనీయులూ అదే వలలో పడ్డారు. 1920లో కౌలు దారిని కూడా మూసేశారు.

ఆ వల మన దేశస్థుల మీదా పడింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులైన తెల్లవారి కిందికి రారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో కాలిఫోర్నియా భూమి చట్టం భారతీయ రైతులకూ వర్తించింది. ఇదే డెల్టా అంచున ఉన్న స్టాక్టన్‌లో 1912లోనే పంజాబీలు గురుద్వారా పెట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల బంగాళాదుంపలు పండించి బాగా సంపాదించిన జ్వాలా సింగ్ బర్కిలీలో చదివే భారతీయ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఏర్పాటు చేశాడు, తర్వాత బ్రిటిష్ పాలన మీద ప్రవాస భారతీయులు నడిపిన గదర్ ఉద్యమ నాయకుల్లో ఒకడయ్యాడు. అదే కాలంలో బర్కిలీలో చదవడానికి వెళ్లిన మన దరిశి చెంచయ్య కూడా గదర్‌లో చేరాడు. ఈ రోజు శాక్రమెంటో, బే ఏరియాల్లో సొంత ఇళ్లున్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్లు సంతకం పెట్టిన ఇంటి కాగితం వందేళ్ల కింద అదే రాష్ట్రంలో ఒక చైనీస్ కూలీకో, ఒక పంజాబీ రైతుకో ఎందుకు దొరకలేదో తెలుసుకోవడం వాళ్ల చరిత్రలోనూ భాగమే.

ఇక ఊరు పుట్టుక. లాక్‌కు కూతవేటు దూరంలో వాల్‌నట్ గ్రోవ్ అనే ఊరుంది. అక్కడి చైనీస్ వాడలో రెండు ప్రాంతాలవారు ఉండేవారు: కాంటన్ ప్రాంతంలోని ఝోంగ్‌షాన్ నుంచి వచ్చినవారు, తైషాన్ వైపు నాలుగు జిల్లాల నుంచి వచ్చినవారు. యాస వేరు, సంఘాలు వేరు, వ్యాపారంలో పోటీ. 1912 ప్రాంతంలో చాన్ టిన్ సాన్ అనే ఝోంగ్‌షాన్ వ్యాపారి కొంచెం ఎగువన, సదరన్ పసిఫిక్ రైల్వే రేవు దగ్గర, దుకాణం, సారాయి అంగడి కలిసిన ఒక కట్టడం వేశాడు. పక్కనే మరో రెండు కట్టడాలు లేచాయి. రేవులో పళ్లు ఎత్తే కూలీలే బేరం. ఆ స్థలం జార్జ్ లాక్ అనే తోటల ఆసామిది కాబట్టి ఆ చోటిని లాక్‌పోర్ట్ అన్నారు.

1915 అక్టోబరులో వాల్‌నట్ గ్రోవ్ చైనీస్ వాడ తగలబడిపోయింది. తైషాన్ వైపువారు ఎక్కువగా అక్కడే మళ్లీ కట్టుకున్నారు. ఝోంగ్‌షాన్‌వారు మాత్రం విడిగా పోవాలనుకున్నారు. లీ బింగ్ అనే వ్యాపారి ముందుండి, మరికొందరితో కలిసి జార్జ్ లాక్ దగ్గరికి వెళ్లి స్థలం అడిగాడు. ఆయన ఒప్పుకున్నాడు. కాగితం రాసుకోలేదు. నోటిమాట, చేయి కలపడం, అంతే. నేల లాక్ కుటుంబానిది, దానికి వాళ్లు చిన్న అద్దె కడతారు. పైన కట్టుకున్నది కట్టుకున్నవారిది.

ఈ ఒప్పందాన్ని ఒక మంచి ఆసామి పెద్దమనసుగా చెప్పడం ఆనవాయితీ అయింది. జార్జ్ లాక్ మాట నిలబెట్టుకున్నాడు, ఆయన వారసులూ దశాబ్దాల పాటు అద్దె పెద్దగా పెంచలేదు, అది నిజం. కానీ ఆ మెచ్చుకోలు దగ్గరే ఆగిపోతే అసలు విషయం మరుగున పడుతుంది. రాతపూర్వక హక్కు దొరికే దారి చట్టం మూసేసింది కాబట్టే ఇంకొకరి మంచితనం మీద ఊరంతా ఆధారపడాల్సి వచ్చింది. ఆసామి మంచివాడు కావడం అదృష్టం. పక్కనున్న తెల్ల రైతుకు ఆ అదృష్టంతో పని లేదు, అతని చేతిలో దస్తావేజు ఉంది.

రెండేళ్లలో ఊరు లేచింది. వీధులు, కట్టడాలు ఎలా ఉండాలో చైనీస్ వ్యాపారులు నిర్ణయించారు, చెక్కపని తెల్ల వడ్రంగులు చేశారు. అందుకే లాక్‌లో పగోడా కప్పులు, డ్రాగన్ తోరణాలు లాంటివి కనబడవు. నగరాల్లోని చైనాటౌన్‌ల అలంకారం ఎక్కువగా వచ్చేపోయే జనం కోసం చేసింది. ఇది ఉండటానికి కట్టుకున్న ఊరు, చూడటానికి సాదా అమెరికన్ పల్లెలాగే ఉంటుంది. తేడా లోపలి జీవితంలో ఉంది.

ఆ జీవితం 1920ల్లో జోరుగా సాగింది. స్థిరంగా ఉండేవారు ఐదారు వందలు, కోతల కాలంలో ఆ సంఖ్య వెయ్యి దాటేది. కిరాణా కొట్లు, మూలికల అంగడి, చేపల అంగడి, హోటళ్లు, కూలీల బసలు, స్టార్ థియేటర్ అనే నాటకశాల ఉండేవి. పక్క ఊళ్లలో డబ్బా ఆస్పరాగస్ ఫ్యాక్టరీలు. థామస్ ఫూన్ చూ అనే చైనీస్ వ్యాపారి ఐల్టన్‌లో నడిపిన ఫ్యాక్టరీ కూడా వాటిలో ఒకటి. ఆ రోజుల్లో దేశానికి డబ్బాల్లో వెళ్లే ఆస్పరాగస్‌కు ఈ డెల్టాయే ప్రధాన కేంద్రం.

జూదశాలల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే లాక్ మీద రాసేవారు వాటి రంగులోనే మునిగిపోతారు. 1916లో మొదలైన డాయ్ లోయ్ వాటిలో పేరున్నది, ఇప్పుడది మ్యూజియం. 1920 నుంచి 1933 దాకా దేశంలో మద్యం నిషేధం ఉన్నప్పుడు చుట్టుపక్కల తెల్ల ఊళ్ల నుంచి కూడా జనం రాత్రిళ్లు ఇక్కడికి వచ్చేవారు. ఆ రాకపోకల వల్ల లాక్‌కు చెడ్డపేరు వచ్చింది. కానీ పది గంటలు పొలంలో వంగి పనిచేసి, ఇంటికి వెళ్తే మాట్లాడే మనిషి లేని కూలీకి జూదశాల అంటే పేకాట ఒక్కటే కాదు. అక్కడ వెచ్చగా కూర్చోవచ్చు, ఊరి నుంచి వచ్చిన వార్త వినవచ్చు, రేపు ఏ తోటలో పని ఉందో తెలుసుకోవచ్చు. కుటుంబం తెచ్చుకునే హక్కు తీసేసిన చట్టమే ఆ బల్లల చుట్టూ జనాన్ని కూర్చోబెట్టింది. కష్టపడి దాచిన కూలి ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నవారూ తక్కువేం కాదు. 1951లో రాష్ట్ర అధికారులు జూదశాలలు మూయించారు.

జూదశాలల పక్కనే బడి కూడా ఉంది. చైనాలో రాజరికాన్ని కూల్చిన విప్లవ నాయకుడు సన్ యాట్‌సెన్ పుట్టిన ప్రాంతం ఝోంగ్‌షాన్ కావడంతో ఆయన పార్టీ కుయోమింటాంగ్‌కు లాక్‌లో గట్టి అభిమానం ఉండేది. పార్టీ కోసం వేసిన కట్టడమే తర్వాత పిల్లలకు చైనీస్ నేర్పే బడి అయింది. పగలు ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు, సాయంత్రం ఇక్కడ చైనీస్. అమెరికాలో పిల్లలకు తెలుగు నేర్పించడానికి ఆదివారం తరగతులకు తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఆ సాయంత్రాలు కొత్తగా అనిపించవు.

మునిసిపాలిటీ లేని ఊళ్లో పెద్దరికం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు ఝోంగ్‌షాన్‌వారి సంఘం జాన్ యింగ్‌లో, వ్యాపారుల మాటలో ఉంది. తగాదాలు అక్కడే తీరేవి. ముసలి కూలీకి బస, చనిపోయినవారికి అంత్యక్రియలు సంఘమే చూసేది. ఊరు తనను తాను నడుపుకోగలదని దీన్నిబట్టి తెలుస్తుంది. అయినా నగరంగా ఏర్పడే దారి వారికి లేదు. దానికి ఓటర్లు కావాలి, ఓటుకు పౌరసత్వం కావాలి, చైనాలో పుట్టిన పెద్దలకు అది నిషేధం. 1898 నాటి సుప్రీంకోర్టు తీర్పు వల్ల అక్కడే పుట్టిన పిల్లలు మాత్రం పౌరులే, కానీ వాళ్లింకా పిల్లలు.

నీటి పాలన కూడా ఇంతే. డెల్టాలో కట్టల బాగోగులు చూసేవి రిక్లమేషన్ డిస్ట్రిక్టులు. వాటిలో ఓటు మనిషిని బట్టి కాదు, భూమిని బట్టి వస్తుంది. భూమి విలువ ఎంతో ఓటు బలం అంత. కాబట్టి కట్టను మోసి పోసిన కుటుంబానికి, ఆ కట్ట నీడలో ఇల్లున్నా సరే, కట్ట గురించి ఒక్క మాట చెప్పే అధికారం లేకపోయింది. బహిష్కరణ చట్టం గురించి చాలా రాశారు. నేల లేకపోవడం ఓటు లేకపోవడంగా, ఓటు లేకపోవడం మళ్లీ నేల లేకపోవడంగా ఎలా తిరుగుతుందో లాక్‌లో కనిపించినంత స్పష్టంగా ఇంకోచోట కనిపించదు.

జపనీయుల కథ కూడా ఈ ఊరి అంచున ఉంది. రైల్వే పనివారి కోసం 1909లో కట్టిన బసను తర్వాత ఒక జపనీస్ కుటుంబం తోట కూలీల కోసం నడిపింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో పశ్చిమ తీరం నుంచి జపనీయులందరినీ నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు వాళ్లూ వెళ్లాల్సి వచ్చింది. ఆ కట్టడం ఇప్పుడు రాష్ట్ర పార్కుల శాఖ కిందనున్న మ్యూజియం.

యుద్ధం చైనీయుల విషయంలో ఇంకోలా పనిచేసింది. చైనా మిత్రదేశం కావడంతో 1943లో బహిష్కరణ చట్టం రద్దయింది. ఏడాదికి 105 మందికే ప్రవేశం, అయినా పౌరసత్వం తలుపు తెరుచుకుంది. మూడేళ్లకు, 1946లో, అదే వెసులుబాటు భారతీయులకూ వచ్చింది. 1952లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు భూమి చట్టం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది, 1956లో ఓటర్లు దాన్ని పుస్తకాల్లోంచే తీసేశారు.

ఇప్పుడు నేల కొనవచ్చు. కానీ లాక్‌లో నేల అమ్మకానికి లేదు. అది ఒక్క కుటుంబం పేరున ఉన్న తోటలో భాగం, ముక్కలుగా విడదీసి కాగితం చేయాల్సిన అవసరం అంతకుముందు ఎవరికీ రాలేదు. చదువుకున్న పిల్లలకు శాక్రమెంటోలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగాలు దొరికాయి, సొంత పేరు మీద ఇళ్లు దొరికాయి. నేల తమది కాని ఊరికి తిరిగి రావాల్సిన అవసరం వారికి కనిపించలేదు. పొలాల్లోకి యంత్రాలు వచ్చాయి. 1960ల నాటికి మెయిన్ స్ట్రీట్ మీద మిగిలింది ఎక్కువగా వృద్ధులే. చాలాకాలం గడప దాటనివ్వని దేశం చివరికి తలుపు తీసినప్పుడు, ఆ స్వేచ్ఛే ఊరిని ఖాళీ చేసింది. పిల్లలు వెళ్లడం తప్పు కాదు, తల్లిదండ్రులు పడ్డ కష్టమంతా అందుకే. అయినా 1952లోనే ఆ స్థలాలను విడదీసి అమ్మి ఉంటే కొన్ని కుటుంబాలైనా ఒక కాలు ఇక్కడ ఉంచేవి అనిపిస్తుంది.

కట్టడాలు మిగలడానికి కారణం కూడా అదే. స్థలం లేని ఇంటి మీద బ్యాంకు అప్పు పుట్టదు. అప్పు లేకుండా పాతది పడగొట్టి కొత్తది కట్టలేరు. స్థలం తమది కానప్పుడు దాని మీద పెద్ద ఖర్చు పెట్టడానికీ మనసొప్పదు. అందుకే 1915 నాటి చెక్క గోడలే అతుకులతో, మరమ్మతులతో అలా నిలబడ్డాయి. 1971లో లాక్ చారిత్రక స్థలాల జాతీయ జాబితాలోకి ఎక్కింది, 1990లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందింది. ఆ గుర్తింపు న్యాయమైనదే. అయితే ఇంత పూర్తిగా మిగలడం వెనుక ఉన్నది సంరక్షణ ఒక్కటే కాదు, మూడు తరాలు తమ ఇంటిని తమకు నచ్చినట్టు మార్చుకోలేకపోవడం కూడా. ఫొటోలు తీసుకునే సందర్శకులకు ఈ మాట కూడా ఎవరైనా చెప్పాలి.

1977లో లాక్ వారసులు ఆ నేలను హాంకాంగ్ పెట్టుబడిదారుల సంస్థకు అమ్మారు. ఊరిని, చుట్టూ ఉన్న పొలాన్ని అభివృద్ధి చేయాలని వాళ్ల ఆలోచన. అది ముందుకు సాగలేదు. ఊళ్లోవాళ్లకు మాత్రం యజమాని మారాడు, అంతే. ఈలోగా తక్కువ అద్దెల కోసం కళాకారులు, రిటైరైనవాళ్లు వచ్చి ఖాళీ ఇళ్లలో చేరారు. మురుగు కాలువలు పాడైపోయాయి. మునిసిపాలిటీ లేదు కాబట్టి బాగుచేయాల్సింది కౌంటీ, కానీ నేల ప్రైవేటుది. ఎవరి పని ఎవరిదో తేలని స్థితి అలాగే సాగింది.

చివరికి శాక్రమెంటో హౌసింగ్ అండ్ రీడెవలప్‌మెంట్ ఏజెన్సీ 2001లో ఆ నేలను కొని, మురుగు వ్యవస్థను బాగుచేసి, స్థలాలను విడదీసింది. 2004లో ఎవరి ఇంటి కింది స్థలం వారికి అమ్మింది. ఉమ్మడి విషయాలు చూసుకోవడానికి యజమానుల సంఘం ఒకటి ఏర్పడింది. నోటిమాట మీద మొదలైన ఊరికి మొదటిసారి దస్తావేజులు వచ్చాయి. ఆ రోజున సంతకాలు పెట్టినవారిలో ఎక్కువమంది చైనీయులు కారు. కట్టలు పోసినవారి, తోటల్లో కోతలు కోసినవారి కుటుంబాల నుంచి అప్పటికి లాక్‌లో ఉంటున్నది వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది.